కార్బన్‌లో ఎలక్ట్రాన్ నిజంగా ఎగురుతుందా? సంకరీకరణంపై నాలుగు సందేహాలకు జవాబు

మీరు అడిగినవి నాలుగు. కార్బన్ భూస్థాయిలో (అతి తక్కువ శక్తి గల స్థితిలో) జతకాని ఎలక్ట్రాన్లు రెండే కదా, 2ఎస్ నుంచి ఒకటి 2పిలోకి ఎగిరి, ఆ తరువాత నాలుగు ఆర్బిటాళ్లూ (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) కలిసిపోతాయన్న కథ నిజంగా జరుగుతుందా అన్నది మొదటిది. సంకరీకరణంలో, అంటే ఎస్, పి ఆర్బిటాళ్లను కలిపి కొత్తవి కట్టడంలో, వచ్చే కోణాలు 109.5, 120, 180 డిగ్రీలే అయితే సైక్లోప్రొపేన్‌లో 60 ఎక్కడి నుంచి వచ్చిందన్నది రెండోది. ఎమైడ్ నైట్రోజన్‌కు మూడు సిగ్మా బంధాలు (పరమాణువులను కలిపే రేఖ మీది బంధాలు), ఒక ఒంటరి జంట (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంట) ఉన్నాయి కాబట్టి లెక్క ప్రకారం ఎస్‌పి³ రావాలి, కానీ జవాబు ఎస్‌పి² అని ఎందుకు ఇచ్చారన్నది మూడోది. చివరిది శరీరంలో ఉండే రసాయనం హిస్టమిన్‌లోని మూడు నైట్రోజన్ల గురించి.

కర్బన రసాయన శాస్త్రం చాలా ఏళ్లుగా బోధిస్తున్నాను. ఈ సందేహాలు ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అడగవలసినవి కూడా. నాలుగింటికీ వేరు ఒకటే. పాఠంలో సంకరీకరణాన్ని ఒక సంఘటనలా చెబుతారు: ముందు ఎలక్ట్రాన్ ఎగిరింది, తరువాత ఆర్బిటాళ్లు కలిశాయి, అందువల్ల అణువుకు ఆ ఆకారం వచ్చింది. అసలు క్రమం దీనికి తలకిందులు. అణువు ఆకారం ముందు, దాన్ని వర్ణించే సంకర ఆర్బిటాళ్లు తరువాత. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావి వాటంతట అవే విడిపోతాయి.

చరిత్రలో జరిగినది కూడా ఈ క్రమంలోనే. కార్బన్ చుట్టూ నాలుగు బంధాలు చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ 1874లోనే విడివిడిగా ప్రతిపాదించారు. అప్పటికి ఎలక్ట్రాన్ ఉందనే ఎవరికీ తెలియదు. థామ్సన్ దాన్ని చూపించింది 1897లో. ష్రోడింగర్ సమీకరణం 1926లో వచ్చాక పరమాణువుకు ఎస్, పి ఆర్బిటాళ్లు దొరికాయి గానీ, అవి రసాయన శాస్త్రవేత్తలకు కొత్త ఇబ్బంది తెచ్చిపెట్టాయి. మూడు పి ఆర్బిటాళ్లు ఒకదానికొకటి 90 డిగ్రీలలో ఉంటాయి, ఎస్‌కు దిక్కే లేదు. మరి మీథేన్‌లో నాలుగు సమానమైన బంధాలు ఎలా? 1931లో లైనస్ పౌలింగ్, జాన్ స్లేటర్ ఎవరికి వారుగా దీనికి ఒకే తరహా జవాబు ఇచ్చారు. ఎస్, పి తరంగ ప్రమేయాలను తగిన పాళ్లలో కలిపి కూడితే కావలసిన దిక్కులకు చూసే ఆర్బిటాళ్లు వస్తాయి. కావలసిన దిక్కులు ఏవో వారికి ముందే తెలుసు. ఆకారాన్ని చూసి ఆర్బిటాళ్లను కట్టారు తప్ప, ఆర్బిటాళ్ల నుంచి ఆకారాన్ని రాబట్టలేదు.

ఇక ఎగిరే ఎలక్ట్రాన్ సంగతి. ఒంటరిగా ఉన్న కార్బన్ పరమాణువులో 2ఎస్ ఎలక్ట్రాన్‌ను 2పిలోకి చేర్చి నాలుగింటినీ జతకానివిగా ఉంచడానికి మోలుకు సుమారు 400 కిలోజౌళ్లు కావాలి. ఇది వర్ణపటంలో కొలిచిన నిజమైన సంఖ్యే. మీథేన్‌లో ఒక్కో కార్బన్-హైడ్రోజన్ బంధం సగటు శక్తి 415 కిలోజౌళ్ల చుట్టూ ఉంటుంది. రెండు బంధాల బదులు నాలుగు ఏర్పడితే అదనంగా దాదాపు 830 కిలోజౌళ్లు లాభం. 400 ఖర్చు అందులోనే తీరిపోతుంది. కార్బన్ నాలుగు బంధాలు ఏర్పరచడం శక్తి దృష్ట్యా ఎందుకు లాభమో చెప్పడానికి ఈ జమాఖర్చు బాగా పనికి వస్తుంది. అయితే ఇది కాగితం మీది మజిలీ. ఏ చర్యలోనూ కార్బన్ ముందు 400 కిలోజౌళ్లు అప్పు తెచ్చి, ఎలక్ట్రాన్‌ను ఎగరేసి, ఆర్బిటాళ్లను కలుపుకుని హైడ్రోజన్ల కోసం ఎదురుచూడదు. హైడ్రోజన్ కేంద్రకాలు దగ్గరవుతున్న కొద్దీ ఎలక్ట్రాన్ల పంపిణీ అంతా ఒకేసారి, అవిచ్ఛిన్నంగా మారుతుంది. పరీక్షలో ఆ వరుస రాయమంటే రాయండి, నమ్మవలసిన అవసరం లేదు.

ఇప్పుడు అసలు సాధనం. ఎస్‌పి³, ఎస్‌పి², ఎస్‌పి అనే పేర్లను మూడు పెట్టెల్లా చూడకండి. ప్రతి సంకర ఆర్బిటాల్‌కూ ఒక ఎస్ వంతు ఉంటుంది: ఎస్‌పి³లో 25 శాతం, ఎస్‌పి²లో 33, ఎస్‌పిలో 50. ఆ వంతు ఈ మూడు విలువల దగ్గరే ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. 20 కావచ్చు, 28 కావచ్చు, 36.5 కావచ్చు. కట్టుబాటు ఒక్కటే: కార్బన్ బయటి కర్పరంలో ఎస్ ఆర్బిటాల్ ఒక్కటే ఉంది కాబట్టి, అన్ని ఆర్బిటాళ్లలోని ఎస్ వంతులనూ కూడితే సరిగ్గా 100 రావాలి. ఉన్న ఒక్క ఆస్తిని వారసులకు పంచడం లాంటిది. ఒకరికి ఎక్కువ ఇస్తే మరొకరికి తగ్గక తప్పదు.

ఈ వంతుకూ కోణానికీ సూటి సంబంధం ఉంది. దాన్ని కూల్సన్ సిద్ధాంతం అంటారు. ఒకే పరమాణువు మీది రెండు సంకర ఆర్బిటాళ్లు గణితపరంగా పరస్పరం లంబంగా ఉండాలి, అంటే వాటి నికర అతిపాతం (ఒకదానిపై ఒకటి పరుచుకోవడం) సున్నా కావాలి. ఎస్ భాగాల లబ్ధం ధనాత్మకం. దాన్ని పి భాగాల లబ్ధం రద్దు చేయాలి. పి భాగాల లబ్ధం కోణపు కొసైన్ మీద ఆధారపడుతుంది. రెండు ఆర్బిటాళ్లూ ఒకే రకానివైతే తేలేది ఇది: ఎస్ వంతును దశాంశంగా రాసి, దాన్ని మిగిలిన పి వంతుతో భాగించి, ముందు రుణ గుర్తు పెడితే అదే కోణపు కొసైన్. 0.25ను 0.75తో భాగిస్తే మూడింట ఒకటి, కొసైన్ −0.333, కోణం 109.5. 0.333ను 0.667తో భాగిస్తే సగం, కోణం 120. 0.5ను 0.5తో భాగిస్తే ఒకటి, కోణం 180. మనం కంఠతా పట్టిన మూడు కోణాలూ ఒకే సూత్రం మీది మూడు బిందువులు.

సూత్రాన్ని వెనక్కి తిప్పితే ఇంకా ఉపయోగం. నీటి అణువులో కోణం 104.5 డిగ్రీలు, కొసైన్ −0.25. అంటే బంధ ఆర్బిటాల్‌లో ఎస్ వంతు 20 శాతం. కచ్చితంగా పేరు పెడితే ఎస్‌పి⁴. అమోనియాలో 107 డిగ్రీలు, ఒక్కో బంధంలో ఎస్ వంతు 22.6, మూడు బంధాలకు 68 పోతే ఒంటరి జంటకు 32 మిగులుతుంది. ఫాస్ఫీన్‌లో కోణం 93.5 మాత్రమే కాబట్టి బంధాల్లో 6 శాతమైనా లేదు, ఎస్ అంతా దాదాపుగా ఒంటరి జంట దగ్గరే ఉండిపోయింది. ఫాస్ఫీన్‌లోని ఫాస్ఫరస్‌కు ఎస్‌పి³ అని రాయడం అలవాటుకు లొంగిపోవడం తప్ప మరొకటి కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌లోనూ అంతే, కోణం 92 డిగ్రీలు. కర్బన రసాయన శాస్త్రంలో ఈ భావన ఇంత బాగా పనిచేయడానికి ఒక కారణం రెండో వరుస మూలకాల్లో 2ఎస్, 2పి ఆర్బిటాళ్ల పరిమాణాలు దగ్గరగా ఉండటం. కింది వరుసలకు వెళ్లిన కొద్దీ ఆ పొత్తు సడలిపోతుంది.

ఎస్ వంతు ఎక్కువైతే ఏమవుతుంది? ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దాకా చొచ్చుకుపోతుంది. పి ఆర్బిటాల్‌కు కేంద్రకం దగ్గర నోడ్ (ఎలక్ట్రాన్ కనిపించని చోటు) ఉంటుంది. కాబట్టి ఎస్ వంతు పెరిగిన కొద్దీ ఆ ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా, తక్కువ శక్తితో, గట్టి పట్టులో ఉంటాయి. మీరు చదివే ధర్మాల్లో సగం ఈ ఒక్క వాక్యం నుంచి వస్తాయి.

ఈథేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 423 కిలోజౌళ్లు, ఇథిలీన్‌లో 464, ఎసిటిలీన్‌లో 556 కావాలి. అదే హైడ్రోజన్‌ను ప్రోటాన్‌గా లాగాలంటే వరుస తిరగబడుతుంది: పీకేఏలు (తగ్గిన కొద్దీ ఆమ్లత్వం ఎక్కువని చూపే సంఖ్యలు) వరుసగా 50, 44, 25 చుట్టూ. ఎసిటిలీన్‌లో బంధం బలమైనదైనా ఆమ్లత్వం ఎక్కువ. ఇక్కడ చాలామంది తడబడతారు, బలమైన బంధం తేలిగ్గా ఎలా తెగుతుందని. రెండు చోట్లా తెగే తీరు వేరు. మొదటి సందర్భంలో ఎలక్ట్రాన్లు చెరొకటి పంచుకుపోతాయి. రెండో దాంట్లో రెండు ఎలక్ట్రాన్లూ కార్బన్ దగ్గరే ఉండిపోతాయి. ఉండిపోయిన జంట 50 శాతం ఎస్ ఉన్న ఆర్బిటాల్‌లో ఉంటే కేంద్రకం దాన్ని బాగా పట్టుకుంటుంది, ఆ అయాన్‌కు స్థిరత్వం వస్తుంది. అమోనియా పీకేఏ 38 దగ్గర ఉంటుంది కాబట్టి సోడమైడ్ (అమోనియా నుంచి వచ్చే బలమైన క్షారం) ఎసిటిలీన్ నుంచి ప్రోటాన్‌ను దాదాపు పూర్తిగా లాగేస్తుంది, ఇథిలీన్‌ను మాత్రం కదపలేదు. సోడియం హైడ్రాక్సైడ్ నీటి ద్రావణానికి ఎసిటిలీన్ కూడా లొంగదు.

ఎస్ వంతును చూపించే కొలత ఏదైనా ఉందా అంటే, కేంద్రకాలను అయస్కాంత క్షేత్రంలో పరిశీలించే ఎన్‌ఎమ్‌ఆర్‌లో ఉంది. కార్బన్-13కూ దానికి నేరుగా అతికిన హైడ్రోజన్‌కూ మధ్య కప్లింగ్ (ఒక కేంద్రకం మరోదాని సంకేతాన్ని చీల్చే ప్రభావం) ప్రధానంగా కేంద్రకం ఉన్న చోటే దొరికే ఎలక్ట్రాన్ల ద్వారా ప్రసారమవుతుంది. అక్కడ దొరికేవి ఎస్ ఎలక్ట్రాన్లే. మీథేన్‌లో ఆ విలువ 125 హెర్ట్జ్, ఇథిలీన్‌లో 156, ఎసిటిలీన్‌లో 249. ఒక్కోదాన్ని 500తో భాగించండి: 25, 31, 50 శాతం. సంకరీకరణం ఉత్త ఊహ అని ఎవరైనా వాదిస్తే నేను ముందు చూపించేది ఈ మూడు సంఖ్యలనే. అయితే ఈ 500 సూత్రాన్ని హైడ్రోకార్బన్ల దాకానే నమ్మండి. క్లోరోఫామ్‌లో కప్లింగ్ 209 హెర్ట్జ్. భాగిస్తే 42 శాతం వస్తుంది, అది అతిశయోక్తి. క్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగడం వల్ల కార్బన్ కేంద్రకపు ప్రభావ ఆవేశం పెరిగి కప్లింగ్ మరికొంత ఉబ్బుతుంది.

అతిశయోక్తి అయినా, పెరిగే దిశ మాత్రం సరైనదే. 1961లో హెన్రీ బెంట్ చెప్పిన నియమం ఇదే: పరమాణువు తన ఎస్ వంతును తక్కువ రుణవిద్యుదాత్మకత (ఎలక్ట్రాన్లను తన వైపు లాగే గుణం) గల పొరుగువారి వైపు కేంద్రీకరిస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. ఫ్లోరిన్ ఎలాగూ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. కార్బన్‌కు దక్కని ఎలక్ట్రాన్ల మీద విలువైన ఎస్‌ను ఖర్చు చేయడం దండగ. అందుకే డైఫ్లోరోమీథేన్‌లో రెండు ఫ్లోరిన్ల మధ్య కోణం 108.3 ఉంటే, రెండు హైడ్రోజన్ల మధ్య 113.7. పరిమాణాల ఒరిపిడి ఒక్కటే లెక్కలోకి వస్తే పెద్దవైన ఫ్లోరిన్ల మధ్య కోణమే విచ్చుకోవాలి.

బంధ దైర్ఘ్యాల గురించి ఒక్క మాట. బ్యూటాడయీన్‌లో మధ్య ఉన్న ఏక బంధం 1.47 ఆంగ్‌స్ట్రామ్‌లు, మామూలు 1.53 కంటే చిన్నది. కాంజుగేషన్ (పక్కపక్క ద్విబంధాల ఎలక్ట్రాన్లు కలిసి పరుచుకోవడం) వల్ల అని రాసేస్తారు. కానీ కాంజుగేషన్‌కు తావే లేని ప్రొపీన్‌లో కూడా ఏక బంధం 1.50కి, ప్రొపైన్‌లో 1.46కి కుదించుకుపోయింది. ఎస్‌పి³ స్థానంలో ఎక్కువ ఎస్ ఉన్న ఆర్బిటాల్ రావడమే అక్కడి ప్రధాన కారణం. కాబట్టి బ్యూటాడయీన్ కుదింపులో కొంతైనా సంకరీకరణం ఖాతాలో వేయాలి. కాంజుగేషన్‌కు ఎంత, దీనికి ఎంత అన్న వాదన చాలా పాతది. పూర్తిగా ఒకదాని వైపే మొగ్గే జవాబును నేను నమ్మను.

మీరు అడగలేదు గానీ, కొంచెం చదివిన వాళ్లు తెచ్చే అభ్యంతరం ఒకటి ఉంది. మీథేన్‌లో నాలుగు ఒకేలాంటి ఎస్‌పి³ బంధాలుంటే, కాంతితో ఎలక్ట్రాన్లను పీకి శక్తిని కొలిచే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో ఒకే శక్తి కనిపించాలి కదా? కనిపించేవి రెండు: 14 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఒకటి, 23 దగ్గర మరొకటి. అయితే సంకరీకరణం తప్పేనా? కాదు. అణు ఆర్బిటాల్ సిద్ధాంతం ప్రకారం మీథేన్ సంయోజకత ఎలక్ట్రాన్లు అణువంతా పరుచుకున్న నాలుగు ఆర్బిటాళ్లలో ఉంటాయి. వాటిలో మూడు సమశక్తి కలవి, ఒకటి లోతైనది. ఎలక్ట్రాన్‌ను పీకేసేటప్పుడు ఈ బొమ్మే వాడాలి, ఎందుకంటే మిగిలే అయాన్‌లో ఆ ఖాళీ ఒక్క బంధంలో కూర్చోదు, అణువంతటా పంచుకుపోతుంది. నిండిన ఆ నాలుగు ఆర్బిటాళ్లనే గణితపరంగా మరో విధంగా కలిపితే నాలుగు సమానమైన, ఒక్కో హైడ్రోజన్ వైపు చూసే బంధాలు వస్తాయి. మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రత, మొత్తం శక్తి రెండు బొమ్మల్లోనూ ఒకటే. ఆకారం, బంధ దైర్ఘ్యం, ఆమ్లత్వం లాంటి మొత్తం మీది ధర్మాలకు సంకర ఆర్బిటాళ్ల బొమ్మ సులువు; ఒక్క ఎలక్ట్రాన్‌ను వేరు చేసే ప్రయోగాలకు, రంగులకు, కాంతి శోషణకు అణు ఆర్బిటాళ్ల బొమ్మ కావాలి.

సైక్లోప్రొపేన్‌కు వద్దాం. కేంద్రకాలను సరళరేఖలతో కలిపితే త్రిభుజంలో కోణం 60 డిగ్రీలు, అందులో సందేహం లేదు. కానీ కూల్సన్ సూత్రాన్ని అడిగి చూడండి: ఒకే పరమాణువు మీది రెండు సమాన సంకర ఆర్బిటాళ్ల మధ్య కోణం 90 కంటే తగ్గడం అసంభవం. ఎస్ వంతు పూర్తిగా సున్నా చేసి రెండూ స్వచ్ఛమైన పి ఆర్బిటాళ్లైనా కోణం 90 దగ్గర ఆగిపోతుంది. అంటే ఆర్బిటాళ్లు పొరుగు కార్బన్ వైపు సూటిగా చూడటం లేదన్నమాట. ఎటు చూస్తున్నాయో కప్లింగ్ నుంచే లెక్క కట్టవచ్చు. సైక్లోప్రొపేన్‌లో అది 161 హెర్ట్జ్, కాబట్టి ఒక్కో కార్బన్-హైడ్రోజన్ బంధంలో ఎస్ వంతు 32 శాతం. అలాంటివి రెండు, 64 పోతే 36 మిగిలింది, వలయంలోని రెండు బంధాలకు చెరి 18. సూత్రంలో వేస్తే ఆ రెండు ఆర్బిటాళ్ల మధ్య కోణం దాదాపు 103 డిగ్రీలు. కేంద్రకాల మధ్య 60, ఆర్బిటాళ్ల మధ్య 103. అంటే ఒక్కో ఆర్బిటాల్ బంధ రేఖ నుంచి సుమారు 21 డిగ్రీలు బయటికి వంగింది. బంధపు ఎలక్ట్రాన్ సాంద్రత త్రిభుజం భుజం మీద కాక దానికి బయట విల్లులా ఉబ్బి ఉంటుంది. 1940ల చివర కూల్సన్, మాఫిట్ ఇచ్చిన వంపు బంధాల వర్ణన ఇదే.

దీని ఫలితాలు ప్రయోగశాలలో కనిపిస్తాయి. అతిపాతం సరిగా లేదు కాబట్టి వలయంలో మోలుకు 115 కిలోజౌళ్ల ఒత్తిడి ఉంది, పక్కపక్క హైడ్రోజన్లు ఎదురెదురుగా ఉండటం వల్ల వచ్చే భాగంతో కలిపి. వలయ బంధాల్లో పి వంతు ఎక్కువ కావడంతో అవి కొంతవరకు ద్విబంధంలా ప్రవర్తిస్తాయి. నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్‌ను చేర్చుకుని వలయం తెరుచుకుంటుంది, ప్రొపేన్ వస్తుంది. బయటి బంధాల్లో ఎస్ వంతు పెరిగినందుకు హైడ్రోజన్ల మధ్య కోణం 115కి విచ్చుకుంది, ఆమ్లత్వం కూడా పీకేఏ 46 దగ్గరికి, అంటే ఈథేన్‌కూ ఇథిలీన్‌కూ మధ్యకు చేరింది. సైక్లోప్రొపేన్ కార్బన్‌ను ఎస్‌పి³ అని రాస్తే పరీక్షలో మార్కు వస్తుంది, పైన చెప్పిన వాటిలో ఒక్కటి కూడా అర్థం కాదు.

మూడో సందేహానికి ముందు, ధనావేశం ఉన్న కార్బన్ అయాన్ అయిన కార్బోకాటయాన్‌ను చూడాలి. మీథైల్ కాటయాన్ ఎందుకు సమతలంగా, ఎస్‌పి²గా ఉంటుంది? ఉన్న ఎస్‌ను ఎలక్ట్రాన్లు ఉన్న చోట వాడితేనే లాభం. ఖాళీ ఆర్బిటాల్‌కు ఎస్ ఇస్తే అనుభవించేవారు లేరు. అందుకని ఎస్ అంతా మూడు బంధాలకూ తలా 33 శాతంగా వెళ్లింది, ఖాళీగా ఉన్నది స్వచ్ఛమైన పిగా మిగిలింది. మీథైల్ కార్బానయాన్‌లో ఆ నాలుగో ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లున్నాయి, వాటికీ ఎస్ కావాలి, కాబట్టి అది అమోనియాలా పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. మధ్యలో ఉన్న, ఆ ఆర్బిటాల్‌లో ఒకే ఎలక్ట్రాన్ గల మీథైల్ రాడికల్ దాదాపు సమతలమే. హైడ్రోజన్ల బదులు ఫ్లోరిన్లు పెట్టండి, బెంట్ నియమం ప్రకారం ఫ్లోరిన్ల వైపు ఎస్ తగ్గి, ఆ మిగులు ఒంటి ఎలక్ట్రాన్ వైపు పోయి, రాడికల్ పిరమిడ్‌గా మారుతుంది.

ఇప్పుడు ఎమైడ్ నైట్రోజన్. సిగ్మా బంధాలు, ఒంటరి జంటలు కూడి సంకరీకరణం చెప్పే పద్ధతికి ఒక పైకి చెప్పని షరతు ఉంది: ఆ ఒంటరి జంట వేరే పనిలో లేకపోతేనే అది చెల్లుతుంది. మామూలు ఎమీన్‌లో ఒంటరి జంటకు ఎస్ వంతు ఉండటమే లాభం, అందుకే పిరమిడ్. ఆ లాభం ఎంత? అమోనియాను బలవంతంగా సమతలం చేయడానికి మోలుకు 24 కిలోజౌళ్లు చాలు. ఎమైడ్‌లో పక్కనే కార్బోనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) ఉంది. నైట్రోజన్ సమతలమై, ఒంటరి జంటను పి ఆర్బిటాల్‌లో పెడితే అది కార్బోనైల్ పై-బంధంతో (పి ఆర్బిటాళ్లు పక్కపక్కగా కలిసి కట్టే బంధంతో) పక్కవాటుగా అతిపాతం చెంది మూడు పరమాణువుల మీద పరుచుకోగలదు. ఆ స్థిరత్వం విలువ చూడాలంటే డైమీథైల్ ఫార్మమైడ్‌లో కార్బన్-నైట్రోజన్ బంధం చుట్టూ తిరగడానికి ఉన్న అడ్డంకిని చూడండి: సుమారు 88 కిలోజౌళ్లు. 24 పోగొట్టుకుని అంతకు ఎన్నో రెట్లు సంపాదించే బేరాన్ని ఏ అణువూ వదులుకోదు. ఆ బంధం దైర్ఘ్యం కూడా ఎమీన్లలో ఉండే 1.47 నుంచి 1.33కి తగ్గింది. ప్రోటీన్ గొలుసుల్లో పెప్టైడ్ బంధం చదునుగా ఉండటానికి కారణం ఇదే.

అంతా ఇటో అటో పడాలని కూడా లేదు. ఎనిలీన్‌లో బెంజీన్ వలయం కార్బోనైల్ అంత బలంగా లాగదు, కాబట్టి దాని నైట్రోజన్ కొద్దిగా పిరమిడ్‌గానే ఉంటుంది, ఎస్‌పి³కూ ఎస్‌పి²కూ నడుమ. దానికి ఒకే జవాబు ఎంచుకోమని అడిగే ప్రశ్న నా దృష్టిలో మంచి ప్రశ్న కాదు. క్లోరోమీథేన్‌లో క్లోరిన్ సంకరీకరణం ఏమిటన్నదీ అంతే. ఒక్క బంధమే ఉన్న పరమాణువుకు కొలవడానికి కోణమే లేదు, దాని మీద ఎస్‌పి³ అని రాయడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

కాబట్టి నేను చేసే పద్ధతి ఇలా ఉంటుంది. పరమాణువు మీద సిగ్మా బంధాలను, ఒంటరి జంటలను లెక్కపెడతాను: నాలుగైతే ఎస్‌పి³, మూడైతే ఎస్‌పి², రెండైతే ఎస్‌పి. ఆ వెంటనే పక్క పరమాణువును చూస్తాను. పక్కన పై-బంధమో ఖాళీ పి ఆర్బిటాలో ఉంటే, ఈ పరమాణువు మీది ఒంటరి జంటల్లో ఒకదాన్ని పి ఆర్బిటాల్‌లోకి పంపి లెక్క నుంచి తీసేస్తాను. ఒక్కటే, రెండు కాదు. ఫ్యూరాన్‌లో ఆక్సిజన్‌కు రెండు జంటలున్నా వలయంలోకి వెళ్లేది ఒకటే. రెండోది వలయ తలంలో బయటికి చూస్తూ ఉండిపోతుంది. పరమాణువుకే స్వంత పై-బంధం ఉంటే మాత్రం దాని పి ఆర్బిటాల్ అప్పటికే నిండి ఉంది, ఒంటరి జంటకు అక్కడ చోటు లేదు. పిరిడీన్ నైట్రోజన్ ఇలాంటిదే: ఎస్‌పి², ఒంటరి జంట కూడా ఎస్‌పి² ఆర్బిటాల్‌లోనే. పిరోల్ నైట్రోజన్ కూడా ఎస్‌పి²యే, కానీ ఒంటరి జంట పి ఆర్బిటాల్‌లో ఉండి ఆరోమాటిక్ ఆరు ఎలక్ట్రాన్లలో భాగమైంది. పరమాణువు పేరు ఒకటే అయినా ఒంటరి జంట చిరునామా వేరు. రసాయన శాస్త్రం నడిచేది రెండోదాన్ని బట్టి. కాంజుగేట్ ఆమ్లం (ప్రోటాన్ చేరిన రూపం; దీని పీకేఏ ఎక్కువైతే క్షారత ఎక్కువ) పీకేఏ పిరిడీన్‌కు 5.2, పిరోల్‌కు సున్నా కంటే తక్కువ. పోల్చడానికి పిపరిడీన్‌కు 11.1. పిపరిడీన్ నుంచి పిరిడీన్‌కు వచ్చేసరికి క్షారత పడిపోవడానికి ప్రధాన కారణం ఒంటరి జంటలో ఎస్ వంతు పెరగడం; నైట్రైల్‌లో ఒంటరి జంట ఎస్‌పి ఆర్బిటాల్‌లోకి చేరాక క్షారత దాదాపు అడుగంటుతుంది.

అలీన్ గురించి ఒక చిన్న ప్రస్తావన, ఈ పద్ధతి అక్కడ చక్కగా రుజువవుతుంది కాబట్టి. మధ్య కార్బన్ రెండు సిగ్మా బంధాలతో ఎస్‌పి. దాని రెండు పి ఆర్బిటాళ్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, చెరో పక్క చెరో పై-బంధం కడతాయి. అందువల్ల రెండు చివర్ల హైడ్రోజన్ జతలూ లంబ తలాల్లో ఉండక తప్పదు. తగిన సమూహాలు పెడితే అలీన్‌కు అద్దంలో ప్రతిబింబంతో ఏకీభవించని రూపం వస్తుందని వాంట్ హాఫ్ 1875లోనే ఊహించాడు. ప్రయోగంలో తేలడానికి 1935 దాకా పట్టింది.

ఇక హిస్టమిన్. గొలుసు చివర ఉన్న ఎమీన్ నైట్రోజన్ పక్కన ఎస్‌పి³ కార్బన్ మాత్రమే ఉంది, పై-బంధం లేదు. లెక్కను యథాతథంగా తీసుకోండి, ఎస్‌పి³. ఇమిడజోల్ వలయంలో హైడ్రోజన్ ఉన్న నైట్రోజన్ పిరోల్ తరహా: ఎస్‌పి², ఒంటరి జంట పి ఆర్బిటాల్‌లో. హైడ్రోజన్ లేనిది పిరిడీన్ తరహా: ఎస్‌పి², ఒంటరి జంట వలయ తలంలో ఎస్‌పి² ఆర్బిటాల్‌లో. ఆ హైడ్రోజన్ రెండు నైట్రోజన్ల మధ్య మారుతూ ఉంటుంది కాబట్టి ఏది ఏ తరహా అన్నది మీరు గీసిన రూపాన్ని బట్టి చెప్పాలి. పీకేఏలు ఈ విభజనతో కలిసి వస్తాయి: ఎమీన్ కాంజుగేట్ ఆమ్లానికి 9.7 చుట్టూ, పిరిడీన్ తరహా నైట్రోజన్‌కు 6 దగ్గర, పిరోల్ తరహా దాని మీద మామూలు పరిస్థితుల్లో ప్రోటాన్ చేరదు. ఒక చిక్కు మాత్రం గమనించండి. ఇమిడజోల్ ఒంటరిగా ఉన్నప్పుడు దాని విలువ 7, పిరిడీన్‌ది 5.2. రెండు చోట్లా ఒంటరి జంట ఎస్‌పి² ఆర్బిటాల్‌లోనే ఉన్నా ఈ తేడా ఎందుకంటే, ఇమిడజోల్‌లో ప్రోటాన్ చేరాక వచ్చిన ధనావేశాన్ని రెండో నైట్రోజన్ తన పి ఆర్బిటాల్‌లోని జంటతో పంచుకుంటుంది. సంకరీకరణానికి ఈ తేడాలో ప్రమేయం లేదు, ఇది రెజొనెన్స్ (ఎలక్ట్రాన్లు పరమాణువుల మీదుగా పరుచుకోవడం) చేసే పని. శరీర ద్రవాల పీహెచ్ 7.4 దగ్గర హిస్టమిన్ గొలుసు చివరి నైట్రోజన్ దాదాపు పూర్తిగా ప్రోటాన్‌తో ఉంటుంది, వలయం చాలావరకు తటస్థంగా ఉంటుంది.